జింబాబ్వే మీద ఆంక్షలు: చుట్టుపక్కల దేశాలన్నీ ఎందుకు వద్దంటున్నాయి?

లుసాకా రాము · 25 అక్టోబర్ 2024, సాయంత్రం 7:40

అందరికీ నమస్కారం. పదకొండేళ్లుగా జాంబియాలో ఉంటున్నాను. వ్యవసాయ పంపుసెట్ల స్పేర్ పార్టుల వ్యాపారం. సరుకులో సగం చిరుండు సరిహద్దు దాటి జింబాబ్వేకు పోతుంది.

ఈ రోజు అక్టోబర్ 25. 2019 ఆగస్టులో దారెస్సలాంలో సాడ్క్ శిఖరాగ్ర సమావేశం జరిగింది. సాడ్క్ అంటే దక్షిణాఫ్రికా, జాంబియా, మొజాంబిక్, టాంజానియా లాంటి 16 దేశాల కూటమి. జింబాబ్వే మీద అమెరికా, ఇంకొన్ని పాశ్చాత్య దేశాలు పెట్టిన ఆంక్షలు ఎత్తేయాలని ఏటా ఈ రోజున అందరూ కలిసి అడగాలని అక్కడ తీర్మానించారు. మన తెలుగు పేపర్లలో దీని గురించి నాలుగు లైన్లు కూడా కనపడవు. అందుకే ఈ చర్చ మొదలుపెడుతున్నాను.

నాకు ఎదురైంది చెప్తాను. రెండేళ్ల కిందట హరారే దగ్గర ఒక చిన్న షాపాయన నా దగ్గర పంపు సీళ్లు, ఇంపెల్లర్లు ఆర్డర్ పెట్టాడు. డబ్బు బ్యాంకు ద్వారా డాలర్లలో పంపాడు. అది నాకు చేరలేదు. మధ్యలో ఏదో ఒక బ్యాంకు ఆపేసింది, 45 రోజుల తర్వాత వెనక్కి పంపింది. కారణం ఒక్క లైను: ‘మా విధానం ప్రకారం ఈ లావాదేవీ చేయలేం.’ ఆయన ఏ ఆంక్షల జాబితాలోనూ లేడు, మంత్రుల చుట్టమూ కాదు. చివరికి బస్సులో ఎనిమిది గంటలు కూర్చుని నోట్లు తెచ్చి ఇచ్చాడు. ఒక్క డాలరు నోట్లు, చెమట వాసన, మధ్యలో చిరిగితే టేపు అతికించినవి. లెక్కపెట్టడానికి మా కుర్రాడికి గంట పట్టింది. అప్పటికి ఆయన దగ్గర పంపు కొన్న రైతుల మొక్కజొన్న ఎండిపోయింది.

ఆంక్షలు పాలకుల మీదే, ప్రజల మీద కాదు అంటారు. ఆ గంటసేపు నేను చూసింది మాత్రం వేరు. మీరేమంటారు?

వరంగల్ శ్రీను · రాత్రి 8:05

రామన్నా, నీ కస్టమర్ కష్టం చదివితే బాధేసింది. కానీ అసలు దోషిని వదిలేసి మాట్లాడుతున్నామేమో అనిపిస్తోంది.

తేదీలు చూడు. ప్రపంచ బ్యాంకుకు జింబాబ్వే బకాయి పడింది 2000లో. ఐఎంఎఫ్‌కు బకాయి పడింది 2001 మొదట్లో. జింబాబ్వేకు అంతర్జాతీయ సంస్థల అప్పులను వ్యతిరేకించే అమెరికా ‘జిడెరా’ చట్టం మీద బుష్ సంతకం పెట్టింది 2001 డిసెంబర్ 21న. అంటే చట్టం రాకముందే అప్పు పుట్టడం ఆగిపోయింది. 1998లో కాంగో యుద్ధానికి సైన్యాన్ని పంపించి ఖజానా ఖాళీ చేసింది ఎవరు? దాదాపు 4,500 మంది తెల్ల రైతుల భూములు లాక్కుని, సాగు తెలియని పార్టీ పెద్దలకు కూడా పంచింది ఎవరు? 2008 నవంబర్‌లో ధరలు రోజుకు రెట్టింపయ్యాయి. 2009 జనవరిలో 100 ట్రిలియన్ డాలర్ల నోటు అచ్చేశారు. అది అమెరికా ప్రెస్సులో అచ్చు కాలేదు కదా.

పొరుగు దేశాలు ఆంక్షలు వద్దంటున్నది ప్రజల కోసమని నాకు నమ్మకం లేదు. స్వాతంత్ర్య పోరాటం నుంచి వచ్చిన పార్టీలన్నీ ఒకదాన్నొకటి కాపాడుకుంటున్నాయి, అంతే.

విశాఖ మాస్టారు · రాత్రి 8:52

శ్రీనూ, నీ తేదీలు సరైనవే. చరిత్ర పాఠం చెప్పి రిటైరైనవాణ్ణి, ఇంకొంచెం వెనక్కి వెళ్దాం.

ఈ దేశం పేరు రొడీషియాగా ఉన్నప్పుడు అక్కడ పిడికెడు మంది తెల్లవాళ్ల ప్రభుత్వం ఉండేది. 1966లో కొన్ని వస్తువుల మీద, 1968లో మొత్తం వాణిజ్యం మీద భద్రతా మండలి ఆంక్షలు పెట్టింది. ఇప్పుడు ఆంక్షలు వద్దంటున్న ఈ పొరుగు దేశాల్లో జాంబియా, టాంజానియా లాంటివి అప్పుడు వాటి కోసం పట్టుబట్టాయి. పట్టుబట్టి ఊరుకోలేదు, మూల్యం చెల్లించాయి. జాంబియాకు సముద్రం లేదు, దాని రాగి బయటికి పోయే ముఖ్యమైన దారి రొడీషియా మీదుగానే. 1973లో సరిహద్దు మూతపడ్డాక జాంబియా అధ్యక్షుడు కౌండా 1978 దాకా ఆ దారి తొక్కలేదు, అప్పటికే చైనా సాయంతో టాంజానియా దాకా రైలు మార్గం వేయించుకుంటున్నాడు. మొజాంబిక్ అయితే స్వాతంత్ర్యం వచ్చి ఏడాది తిరక్కుండానే, 1976 మార్చిలో సరిహద్దు మూసేసింది. బీరా రేవుకు వచ్చే ఆదాయం పోతుందని తెలిసీ మూసింది.

ఆ సమయంలోనే 1971లో అమెరికా కాంగ్రెస్ ‘బర్డ్ సవరణ’ తెచ్చుకుని రొడీషియా క్రోమియం కొనడం మొదలుపెట్టింది. భద్రతా మండలి ఆంక్షలకు తానే ఓటేసి, తానే గండి కొట్టింది. 1977 దాకా అదే వరస.

ఆ ప్రాంతపు పెద్దవాళ్లు ఇది మరిచిపోలేదు. ఆంక్షలు అనే ఆయుధం మీద వాళ్లకు కోపం లేదు. మన దేశానికీ లేదు, వర్ణవివక్ష చూసి 1946లోనే దక్షిణాఫ్రికాతో వ్యాపారం ఆపేసిన మొదటి దేశం మనది. నలుగురూ కూర్చుని నిర్ణయించేది ఒకటి, ఒక్క దేశం తన పార్లమెంటులో చట్టం చేసి ప్రపంచంలోని బ్యాంకులన్నింటి మీదా రుద్దేది ఇంకొకటి. వాళ్లు కాదంటున్నది ఈ రెండోదాన్ని.

భూముల సంగతి కూడా ఒక మాట. 1979 లాంకాస్టర్ హౌస్ ఒప్పందం ప్రకారం పదేళ్లపాటు అమ్మడానికి ఇష్టపడ్డవాడి దగ్గరే భూమి కొనాలి. 1997లో బ్రిటన్‌లో కొత్త ప్రభుత్వం వచ్చాక, ఆ కొనుగోలు ఖర్చు భరించాల్సిన ప్రత్యేక బాధ్యత తమకు లేదని ఉత్తరం రాసింది. అప్పటి జింబాబ్వే అధ్యక్షుడు ముగాబే చేసిన విధానాన్ని నేను సమర్థించను. ఆ కోపం ఎక్కడ పుట్టిందో మాత్రం చెప్పాలి.

జోబర్గ్ మాధవి · రాత్రి 9:30

మాస్టారూ, చదువుతుంటే క్లాసులో కూర్చున్నట్టుంది. కానీ నాకు వేరే వైపు నుంచి చెప్పాలని ఉంది.

నాతో పనిచేసే టీచర్ ఒకావిడది జింబాబ్వేలోని బులవాయో. ఎన్డెబెలే తెగ ఆవిడ. 1983 నుంచి 1987 దాకా అక్కడి మటబెలేలాండ్ ప్రాంతంలో సైన్యం చేసిన ఊచకోత, గుకురాహుండి, అందులో వాళ్ల నాన్న పోయాడు. ఆ నాలుగేళ్లలో చనిపోయినవాళ్లు 20,000 దాకా ఉంటారంటారు. శవం దొరకలేదు. దినం చేయలేదు. నలభై ఏళ్లయినా వాళ్లమ్మ ఆయన చొక్కా ఒకటి పెట్టెలో దాచుకుంది.

ఆవిడ నన్ను అడిగే ప్రశ్న ఇది: అప్పుడు ఈ పొరుగు దేశాల్లో ఏది సమావేశం పెట్టింది? ఏది ఒక రోజు ప్రకటించింది? పాశ్చాత్య దేశాలూ అప్పుడు నోరు మెదపలేదు, అది నిజం. 1994లో ముగాబేకు బ్రిటన్ గౌరవ నైట్ బిరుదు కూడా ఇచ్చింది. తెల్ల రైతుల భూములు పోయాకే అందరికీ మానవ హక్కులు గుర్తొచ్చాయని ఆవిడ బాధ. ఇటు చూసినా అటు చూసినా ఆవిడకు మనవాళ్లు అని చెప్పుకునేవాళ్లు లేరు.

ఆవిడ ఇక్కడ ఉంటున్నది ప్రత్యేక పర్మిట్ మీద. అలాంటి పర్మిట్లు దాదాపు 1,78,000 మందికి ఉన్నాయి. పొడిగిస్తారో లేదో అని ఏటా టెన్షనే. జింబాబ్వే కుంగిపోతే ఆ భారం లింపోపో నది దాటి దక్షిణాఫ్రికా మీద పడుతుంది కాబట్టే ఆంక్షలు ఎత్తేయమని ఇక్కడి నాయకులు అడుగుతారు. ఆ నాయకులే నది దాటి వచ్చినవాళ్లను వెనక్కి పంపిస్తామని ఎన్నికల్లో ఓట్లు అడుగుతారు. నాకు ఇది మింగుడుపడదు.

సుజాత_హైదరాబాద్ · రాత్రి 10:11

నేను మందుల ఎగుమతి చేసే ఒక కంపెనీలో డాక్యుమెంటేషన్ చూస్తాను. కంపెనీ పేరు వద్దులెండి. రాము గారికి జరిగింది మాకు నెలకోసారైనా జరుగుతుంది.

బయటివాళ్లకు అర్థం కానిది ఏంటంటే, మందుల మీద ఆంక్షలు ఎప్పుడూ లేవు. అయినా ఆగుతాయి. డాలర్లలో చెల్లింపు అంటే ఎక్కడో ఒకచోట న్యూయార్క్‌లోని మధ్యవర్తి (కరస్పాండెంట్) బ్యాంకు గుండా పోవాలి. వాళ్ల సాఫ్ట్‌వేర్‌లో ‘హరారే’ అని కనపడగానే ఫైలు పక్కకు పోతుంది. అప్పుడు ప్రశ్నలు మొదలు. కొనేవాడి వాటాదారులు ఎవరు? ప్రభుత్వ వాటా ఎంత? గోదాము ఎవరిది? లారీ ఎవరిది? ఒకసారి పిల్లల యాంటీబయాటిక్ సిరప్ కన్‌సైన్‌మెంట్‌కు ఇలాంటి ఫారం మూడుసార్లు నింపాను. సిరప్ గడువు తేదీ ఒక పక్క తరుముతుంటుంది, బ్యాంకు ఇంకో పక్క ‘క్లారిఫికేషన్’ అడుగుతుంటుంది. చివరికి మా మేనేజర్ ఆ ఆర్డర్ వదిలేద్దామన్నారు. లాభం కంటే తలనొప్పి ఎక్కువ అని. ఆ రోజు నాకు అన్నం సయించలేదు.

బ్యాంకుల భయం కూడా ఊరికే వచ్చింది కాదు. జింబాబ్వే ఆంక్షలు ఉల్లంఘించారని 2016లో బార్‌క్లేస్ దాదాపు 25 లక్షల డాలర్లు కట్టింది, 2019 ఏప్రిల్‌లో స్టాండర్డ్ చార్టర్డ్ 1 కోటి 80 లక్షల డాలర్లు కట్టింది. అది చూశాక ఏ బ్యాంకు ఆఫీసరైనా ఒక చిన్న షాపు కోసం రిస్క్ తీసుకుంటాడా? అప్పట్లో జాబితాలో ఉన్నది వంద చిల్లర పేర్లే కావచ్చు. భయం మాత్రం దేశం మొత్తానికి అంటుకుంది.

డల్లాస్ కిరణ్ · 26 అక్టోబర్, తెల్లవారుజాము 4:20

సుజాత గారు చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. నేను ఇక్కడ బ్యాంకింగ్ కంప్లయన్స్‌లోనే పనిచేస్తాను.

జిడెరా గురించి రెండు వైపులా అతిగా చెప్తుంటారు. అందులో వాణిజ్య నిషేధం లేదు. ఐఎంఎఫ్, ప్రపంచ బ్యాంకు లాంటి సంస్థల్లో జింబాబ్వే ప్రభుత్వానికి కొత్త అప్పు ఇవ్వడానికి గానీ, పాత అప్పు మాఫీకి గానీ అమెరికా ప్రతినిధి వ్యతిరేకంగా ఓటేయాలి అనేదే అసలు విషయం. మామూలు అప్పును అమెరికా ఒక్కటే ఓటుతో ఆపలేదు. కానీ పెద్ద వాటాదారు ముందే వద్దని చెప్పినప్పుడు మిగతావాళ్లు ఎందుకు ముందుకొస్తారు? శ్రీను అన్నట్టు బకాయిల వల్ల తలుపు ముందే మూసుకుంది. జిడెరా దాని మీద ఇంకో తాళం వేసింది. 2016లో ఐఎంఎఫ్ బకాయి మొత్తం కట్టేశాక కూడా కొత్త అప్పు రాలేదు.

వ్యక్తుల మీద ఆంక్షలు 2003లో అధ్యక్షుడి ఉత్తర్వుతో వచ్చాయి. 2024 మార్చి 4న బైడెన్ వాటిని రద్దు చేసి, జింబాబ్వే అధ్యక్షుడు మ్నంగాగ్వాతో కలిపి కొద్దిమందిని మాగ్నిట్స్కీ జాబితాలోకి (మానవ హక్కుల ఉల్లంఘన, అవినీతి ఆరోపణలున్న వ్యక్తుల జాబితా) మార్చారు. జిడెరా చట్టాన్ని మాత్రం అప్పుడు రద్దు చేయలేదు.

ఇక సాడ్క్ మీద నాకున్న పెద్ద అభ్యంతరం. వాళ్లకు నమీబియా రాజధాని వింధోక్‌లో సొంత కోర్టు ఉండేది, సాడ్క్ ట్రిబ్యునల్. 2008 నవంబర్‌లో క్యాంప్‌బెల్ అనే రైతు కేసులో జింబాబ్వేకు వ్యతిరేకంగా తీర్పు ఇచ్చింది. పరిహారం లేకుండా, జాతి ఆధారంగా భూమి తీసుకోవడం తప్పంది. జింబాబ్వే లెక్కచేయలేదు. అప్పుడు మిగతా దేశాలు జింబాబ్వేను నిలదీయాలి కదా? 2010లో ట్రిబ్యునల్‌నే పక్కన పెట్టేశాయి. ‘మా ఇంటి గొడవ మేం చూసుకుంటాం’ అన్నవాళ్లు ఇంట్లో ఉన్న ఒక్క పెద్దమనిషినీ బయటికి పంపేశారు. 2018లో జిడెరాను సవరించినప్పుడు, ఆ ట్రిబ్యునల్ తీర్పులు అమలు చేయాలని అమెరికా అందులో రాసుకుంది. ఆ మాట పక్క దేశాల నోట రావాల్సింది.

విశాఖ మాస్టారు · ఉదయం 7:15

కిరణ్, ట్రిబ్యునల్ విషయంలో నా దగ్గర సమాధానం లేదు. ఆ నిర్ణయంతో వాళ్ల వాదన కాళ్లు వాళ్లే నరుక్కున్నారు. ఒప్పుకుంటున్నాను.

ప్రపంచ బ్యాంకు ఓటు గురించి అన్నావు కాబట్టి ఒకటి గుర్తొచ్చింది. 1998 మేలో పోఖ్రాన్ పరీక్షలు అవగానే మన మీద కూడా అమెరికా ఆంక్షలు వచ్చాయి. ప్రపంచ బ్యాంకులో మన దేశపు అప్పులు కొన్ని వాయిదా పడ్డాయి. ఆంధ్రప్రదేశ్‌కు 50 కోట్ల డాలర్లకు పైగా అప్పు అప్పుడే వరుసలో ఉంది. జూన్ చివర ఆమోదం వచ్చేదాకా రోజూ పేపర్లో ఆ వార్త వెతికేవాణ్ణి. అంతకుముందు 1992లో క్రయోజెనిక్ ఇంజన్ల విషయంలో ఇస్రో మీద పెట్టారు. మనం పెద్ద దేశం, తట్టుకున్నాం. కోటిన్నర జనాభా, సముద్రం లేని దేశం తట్టుకోవడం వేరు.

వరంగల్ శ్రీను · ఉదయం 9:02

సుజాత గారి సిరప్ సంగతి చదివాక రాత్రి చాలాసేపు ఆలోచించాను. బ్యాంకుల భయం ఇంత దూరం పోతుందని నాకు తెలియదు. ఆ మేరకు నా మాట వెనక్కి తీసుకుంటున్నా.

కానీ 2008 గురించి రామన్న చెప్పాలి. మార్చిలో అధ్యక్ష ఎన్నికల మొదటి రౌండ్‌లో ప్రతిపక్ష నాయకుడు ష్వాంగిరాయ్ ముందున్నాడు. రెండో రౌండ్‌కు ముందు ఆయన మనుషుల్ని కొట్టి చంపారు, ఆయన పోటీ నుంచి తప్పుకున్నాడు. జూలై 11న భద్రతా మండలిలో ఆంక్షల తీర్మానం వచ్చింది. ఇది ఏకపక్షం కాదు కదా, మాస్టారు చెప్పిన ‘నలుగురూ కూర్చునే’ చోటే కదా? అయినా రష్యా, చైనా వీటో వేశాయి, దక్షిణాఫ్రికా కూడా వ్యతిరేకంగా ఓటేసింది. మరి వాళ్లకు కావాల్సింది ఏంటి?

క్రికెట్ చూసేవాళ్లకు గుర్తుండే ఉంటుంది. 2003 వరల్డ్ కప్‌లో హరారేలో ఆండీ ఫ్లవర్, హెన్రీ ఒలోంగా నల్ల బ్యాండ్లు కట్టుకుని దిగారు, మా దేశంలో ప్రజాస్వామ్యం చచ్చిపోయిందని. అప్పుడు నేను స్కూల్లో ఉన్నా. ఇద్దరికీ దేశంలో ఉండే పరిస్థితి లేకుండా పోయింది. ఆ ఇద్దరు చూపించిన ధైర్యం 16 దేశాల నాయకులకు ఎందుకు లేదు?

లుసాకా రాము · మధ్యాహ్నం 1:25

శ్రీనూ, న్యాయమైన ప్రశ్న. నాకు తెలిసినంత చెప్తాను.

ఆ ప్రాంతం అంతా ఒకే మాట మీద ఎప్పుడూ లేదు. మా జాంబియా అప్పటి అధ్యక్షుడు మ్వానవాసా 2007లోనే జింబాబ్వేను మునిగిపోతున్న టైటానిక్‌తో పోల్చాడు. బోట్స్‌వానా అధ్యక్షుడు ఖామా ముగాబేను గట్టిగా విమర్శించాడు. 2008 ఏప్రిల్‌లో చైనా నుంచి ‘ఆన్ యూ జియాంగ్’ అనే ఓడ జింబాబ్వే కోసం ఆయుధాలతో డర్బన్ వచ్చింది. దక్షిణాఫ్రికా ప్రభుత్వం అనుమతి ఇచ్చింది. రేవు కార్మికుల సంఘం మాత్రం దించం అంది. ఆ తూటాలు తగిలేది మనలాంటివాళ్లకే అని తెలిసి పట్టు వదల్లేదు. ఆ ఓడను ఏ రేవులోకీ రానివ్వొద్దని సాడ్క్ అధ్యక్షుడి హోదాలో మ్వానవాసా కూడా అడిగాడు. ఆయుధాలు దించకుండానే అది డర్బన్ వదిలింది. నాకు నచ్చిన ఆంక్ష అది. పక్కింటివాడు, తూటా ఎవరికి తగులుతుందో తెలిసినవాడు, తన కూలి పోయినా పర్వాలేదని పెట్టిన ఆంక్ష. వాళ్లు ఆపింది తుపాకులను, పంపు సీళ్లను కాదు.

భద్రతా మండలి ఓటు సంగతి: దక్షిణాఫ్రికా అధ్యక్షుడు ఎంబెకి అప్పుడు మధ్యవర్తి. ఆంక్షలు వస్తే చర్చలు చెడతాయన్నది దక్షిణాఫ్రికా వాదన. అదే ఏడాది సెప్టెంబర్ 15న అధికారం పంచుకునే ఒప్పందం కుదిరింది, 2009 ఫిబ్రవరిలో ష్వాంగిరాయ్ ప్రధానమంత్రి అయ్యాడు. ఆ ఒప్పందంలోనే ఆంక్షలు ఎత్తేయాలని ఒక అధ్యాయం ఉంది, దాని మీద ఆయన సంతకం కూడా ఉంది. దెబ్బలు తిన్నవాడే అడిగాడంటే ఆలోచించాలి కదా. డాలర్ చలామణిలోకి వచ్చి అంగళ్లలో సరుకు కనపడింది. చిల్లర లేక చాక్లెట్లు, పెన్నులు ఇచ్చేవాళ్లు, అది వేరే సంగతి. మధ్యవర్తిత్వం పూర్తి న్యాయం చేసిందని నేను అనను. చనిపోయినవాళ్ల విషయంలో ఎవరికీ శిక్ష పడలేదు.

మొన్న 2023 ఎన్నికల్లో ఒక మార్పు చూశాను. సాడ్క్ పరిశీలకుల బృందానికి నాయకుడు మా జాంబియా మాజీ ఉపాధ్యక్షుడు నెవర్స్ ముంబా. ఎన్నికలు ఆ దేశపు రాజ్యాంగానికీ, సాడ్క్ సూత్రాలకూ తగ్గట్టు జరగలేదని హరారేలోనే కూర్చుని చెప్పాడు. జింబాబ్వే అధికార పార్టీ ఆయన్ను నానా మాటలూ అంది. ఆ రోజు మా షాపులో టీవీ ముందు జాంబియా కుర్రాళ్లు చప్పట్లు కొట్టారు. ఆంక్షలు వద్దంటూనే తప్పును తప్పు అనొచ్చని నాకు అక్కడ అనిపించింది. కాకపోతే ఏడాది తిరిగేసరికి అదే సాడ్క్ తన అధ్యక్ష పదవిని మ్నంగాగ్వా చేతిలో పెట్టింది. ఆయన వంతు వచ్చిందన్నారు. ఆ నివేదిక ఏ బీరువాలో ఉందో.

సుజాత_హైదరాబాద్ · మధ్యాహ్నం 3:40

రాము గారూ, మార్చిలో ఆ ఉత్తర్వు రద్దయ్యాక మీకు డబ్బులు సాఫీగా వస్తున్నాయా? మాకు పెద్ద తేడా లేదు. ప్రశ్నలు రెండు తగ్గాయి, అంతే.

లుసాకా రాము · సాయంత్రం 4:05

నాకూ అంతే అమ్మా. ఇప్పటికీ ‘జింబాబ్వేనా?’ అని అడిగి ఫారం పంపిస్తారు. ఉత్తర్వు ఒక్క రోజులో పోతుంది, బ్యాంకు కంప్యూటర్లలో పేరుకున్న ఇరవై ఏళ్ల భయం పోవడానికి ఎంత కాలం పడుతుందో.

జోబర్గ్ మాధవి · రాత్రి 8:18

మీరందరూ రాసింది మా టీచర్‌కి ఇంగ్లీషులో చెప్పాను. డర్బన్ ఓడ దగ్గర ఆవిడ నన్ను ఆపి, మళ్లీ చెప్పమంది. వాళ్ల తమ్ముడు అప్పుడు డర్బన్‌లోనే గోడౌన్లలో పనిచేసేవాడట. ఆంక్షలు ఎత్తేయాలా వద్దా అని అడిగాను. ఎత్తేయాలి అంది, మా అన్న కూతురికి ఇన్సులిన్ దొరకాలి అంది. కొంచెంసేపాగి, ఈ దేశాలవాళ్లు అక్టోబర్ 25న కూర్చుంటున్నారు కదా, మా నాన్న కోసం కూడా ఒక రోజు కూర్చోమని ఎవరికి రాయాలి అని అడిగింది. నాకు తెలియలేదు. మాస్టారూ, మీకు తెలుసా?

విశాఖ మాస్టారు · రాత్రి 9:47

సాడ్క్ సచివాలయం బోట్స్‌వానా రాజధాని గాబొరోన్‌లో ఉందమ్మా. కోర్టు లేదు గానీ ఆఫీసు ఉంది. ఆవిడ రాస్తానంటే, ఉత్తరం ఎలా ఉండాలో నేను కూర్చుని చూసిపెడతాను. వాళ్ల నాన్నగారి పేరు, ఊరు, ఏ నెలలో తీసుకెళ్లారో ఆవిడ చేత్తోనే రాయమను. ఇక్కడ మాత్రం పెట్టొద్దు.

లుసాకా రాము · రాత్రి 10:02

మాధవి గారూ, వచ్చే నెల సరుకు కోసం నేను గాబొరోన్ వెళ్తున్నాను. ఉత్తరం సిద్ధమైతే నాకు పంపండి. చేత్తో ఇచ్చి, అందినట్టు స్టాంపు వేయించుకుని వస్తాను.